రసికుల కాపుదలలో ఒక సంగీతం

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, విక్స్‌బర్గ్ పట్టణ సమీపాన, 20వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి ఒక మట్టిగట్టు పక్కగా సాగిపోతుంది. 1973లో కొందరు అభిమానులు ఆ గట్టు మీద, ప్రయాణికులకు దూరం నుంచే కనిపించేటంత పెద్ద అక్షరాలు చెక్కారు. డుయేన్ ఆల్మన్‌ను గుర్తుంచుకోండి అన్నదే ఆ రాతకు అర్థం. ఆ గిటారు విద్వాంసుడు అంతకు రెండేళ్ల ముందు, ఇరవై నాలుగేళ్ల ప్రాయంలో మరణించాడు. రోలింగ్ స్టోన్ పత్రిక ఆ గట్టు ఛాయాచిత్రాన్ని ప్రచురించింది. ఎండకూ వానకూ ఓర్చి ఆ అక్షరాలు పదేళ్లకు పైగా నిలిచి, క్రమంగా మట్టిలో కలిసిపోయాయి.

పాలకులు రాతి మీద శాసనాలు వేయించడం చరిత్రలో మామూలు విషయం. శ్రోతలు మట్టి మీద అక్షరాలు చెక్కడం అరుదు. ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ అనే వాద్యబృందం 1969 నుంచి 2014 వరకు, మధ్యలో రెండుసార్లు విడిపోయి కలుసుకొంటూ, నలభై ఐదేళ్ల కాలంలో తన సంగీతాన్ని వినిపించింది. ఆ బృందం చరిత్రను రాసినవారు చాలామందే ఉన్నారు. ఆ చరిత్రను కాపాడినవారు మాత్రం ప్రధానంగా దాని శ్రోతలే. వేదిక మీద అప్పటికప్పుడు పుట్టి, మరొకసారి అదే రూపంలో వినిపించని సంగీతం నిలవాలంటే, విన్నవాడు దానిని గుర్తుంచుకోవాలి. ఆ బాధ్యతను సామాన్య శ్రోతలు ఏ మేరకు నిర్వహించారు, ఎక్కడ తప్పిపోయారు అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన అంశం.

మేకన్ పట్టణం

జార్జియా రాష్ట్రం నడిబొడ్డున ఉన్న మేకన్ పట్టణానికి సంగీతచరిత్రలో ముందునుంచే స్థానం ఉంది. రాక్ అండ్ రోల్ ఆద్యులలో ఒకడైన లిటిల్ రిచర్డ్ 1932లో ఇక్కడే పుట్టాడు. సోల్ సంగీతానికి పర్యాయపదంగా నిలిచిన ఓటిస్ రెడింగ్ ఈ ఊళ్లోనే పెరిగాడు. ఇద్దరూ నల్లజాతివారు. బానిసత్వం రద్దయిన తరువాతి తరాలలో పొలం పాటల నుంచి, భక్తిగీతాల నుంచి, ఒంటరి మనిషి మొర నుంచి రూపుదిద్దుకొన్న బ్లూస్ బాణీయే ఈ సంగీతధోరణులన్నింటికీ మూలాధారం. ఓటిస్ రెడింగ్ 1967 డిసెంబరు 10న విమానప్రమాదంలో మరణించాడు. అతని వ్యవహారకర్త అయిన శ్వేతజాతీయుడు ఫిల్ వాల్డెన్ కొంతకాలం నిస్పృహలో ఉండి, 1969లో కాప్రికార్న్ అనే రికార్డుల సంస్థను నెలకొల్పాడు. ఆ సంస్థ నమ్ముకొన్న కళాకారుడు డుయేన్ ఆల్మన్.

డుయేన్ 1946లో, అతని తమ్ముడు గ్రెగ్ 1947లో, టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో జన్మించారు. 1949 డిసెంబరులో, దారిలో బండి ఎక్కించుకొన్న అపరిచితుడొకడు వారి తండ్రిని కాల్చి చంపాడు. తల్లి రెక్కలకష్టం మీద పిల్లలను పెంచి, 1959లో ఫ్లోరిడా తీరంలోని డేటోనా బీచ్‌కు కాపురం మార్చింది. యువకుడైన డుయేన్ అలబామాలోని మజిల్ షోల్స్ స్టూడియోలో నల్లజాతి గాయకుల రికార్డులకు గిటారు వాయిస్తూ పేరు తెచ్చుకొన్నాడు. సొంత బృందం కట్టాలన్న సంకల్పం కలిగినప్పుడు అతను మొదట చేరదీసినవాడు జైమో అనే నల్లజాతి డ్రమ్ముల వాదకుడు. ఓటిస్ రెడింగ్ వెంట దేశమంతా తిరిగి వాయించిన అనుభవం జైమోది. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో గిటారిస్టు డికీ బెట్స్, బేస్ గిటారిస్టు బెరీ ఓక్లీ, రెండవ డ్రమ్మరు బుచ్ ట్రక్స్ కలిశారు. 1969 మార్చి 26న గ్రెగ్ వచ్చి గానమూ ఆర్గన్ వాద్యమూ చేపట్టడంతో ఆరుగురి బృందం పూర్తయింది. కొద్దివారాలలోనే వారందరూ మేకన్ చేరుకొన్నారు.

పౌరహక్కుల చట్టం వచ్చి అప్పటికి ఐదేళ్లే గడిచింది. నల్లవారూ తెల్లవారూ ఒకే ఇంట్లో ఉండటం, ఒకే బల్ల దగ్గర తినటం దక్షిణాదిలో ఇంకా పలువురికి కంటగింపుగా ఉన్న రోజులవి. జుట్టు పెంచుకొన్న ఐదుగురు తెల్ల కుర్రాళ్లు ఒక నల్లజాతి మిత్రుడితో కలిసి ఊళ్లో తిరుగుతుంటే ఆదరించినవారికన్న అనుమానంగా చూసినవారే ఎక్కువ. అలాంటి సమయంలో వారికి అన్నం పెట్టిన ఇల్లు, నల్లజాతి మహిళలైన లూయీస్ హడ్సన్, ఐనెజ్ హిల్ 1959 నుంచి నడుపుతున్న హెచ్ అండ్ హెచ్ భోజనశాల. ఒకనాడు ఆ కుర్రాళ్లు చేతిలో సరిపడా డబ్బు లేక రెండు పళ్లాల భోజనం మాత్రమే అడిగి అందరూ పంచుకోబోతే, తాను తలా ఒక పళ్లెం వడ్డించానని లూయీస్ హడ్సన్ తరువాతి కాలంలో చెబుతుండేది. అందరూ ఆమెను మామా లూయీస్ అని పిలిచారు. సంపద వచ్చాక బృందం తమ సంచారయాత్రకు ఆమెను వెంటబెట్టుకొని వెళ్లింది. ఆమె 2022లో తన 93వ ఏట కన్నుమూసింది. ఈ బృందం అభిమానుల చరిత్ర రాయదలచినవారు ఆమె పేరుతోనే మొదలుపెట్టాలి.

శ్రోతలు విన్నదేమిటి?

1969 వేసవి నుంచి ఆ బృందం అట్లాంటా నగరంలోని పీడ్‌మాంట్ పార్కులో టికెట్టు లేకుండా కచేరీలు చేసింది. పచ్చికలో కూర్చొని విన్న ఆ యువజనమే దాని తొలి శ్రోతృవర్గం. మొదటి రెండు రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. వాటికన్న నోటిమాటే ఈ బృందం పేరును ఊరూరా తీసుకొనిపోయింది.

ఆ సంగీతంలో వారిని కట్టిపడేసిన గుణాలు కొన్ని స్పష్టంగా చెప్పవచ్చు. రెండు గిటార్లు ఒకే స్వరరేఖను వేర్వేరు స్థాయిలలో జంటగా నడిపించేవి. ఇద్దరు డ్రమ్మర్లలో ట్రక్స్ లయను గట్టిగా పట్టి నిలిపితే, జైమో జాజ్ పద్ధతిలో దాని చుట్టూ అల్లికలు అల్లేవాడు. జైమో వినిపించిన మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్ రికార్డుల ప్రభావంతో డుయేన్, బెట్స్ ఒకే స్వరసముదాయాన్ని ఆధారంగా చేసుకొని చాలాసేపు విస్తరించే పద్ధతిని అలవరచుకొన్నారు. రాగాలాపన విన్న చెవికి ఆ విస్తరణ మరీ కొత్తగా తోచదు. పైగా డుయేన్ ఎడమచేతి వేలికి గాజు మందుసీసా తొడుక్కొని తీగల మీద జారుస్తూ వాయించేవాడు. కారిసిడిన్ అనే జలుబు మాత్రల ఖాళీసీసా అది. మెట్ల మధ్య ఆగకుండా నాదం స్వరం నుంచి స్వరానికి పాకుతుంది. గోటువాద్యం ఎరిగిన తెలుగు శ్రోతకు ఆ జారుడు ఎంతటి కరుణను పలికించగలదో వివరించి చెప్పనక్కరలేదు. దానికి తోడు గ్రెగ్ ఆల్మన్ గొంతు. ఇరవయ్యొక్క ఏళ్లవాడి కంఠంలో అరవయ్యేళ్ల అలసట ధ్వనించేది.

1971 మార్చి 12, 13 తేదీలలో న్యూయార్కులోని ఫిల్మోర్ ఈస్ట్ రంగశాలలో చేసిన కచేరీలను నిర్మాత టామ్ డౌడ్ రెండు పళ్లేల రికార్డుగా కూర్చాడు. జులైలో విడుదలైన ఆ రికార్డులో ఉన్నవి ఏడు అంశాలే. 'విప్పింగ్ పోస్ట్' అనే పాట ఒక్కటే ఇరవై నిమిషాలు దాటి ఒక పక్క మొత్తాన్ని ఆక్రమించింది. ఆ పాట మొదలయ్యే ముందు శ్రోతలలో ఒకడు దాని పేరు అరిచి అడగటం రికార్డులో వినిపిస్తుంది. తరువాతి రోజులలో ఏ బృందం కచేరీ జరిగినా గుంపులోనుంచి ఎవరో ఒకరు ఆ పాట కావాలని కేక వేయడం అమెరికా శ్రోతలకు ఒక వేడుకైపోయింది. ఆ కేక సముద్రాలు కూడా దాటింది. 1974లో హెల్సింకీ నగరంలో ఫ్రాంక్ జాపా కచేరీ చేస్తుండగా శ్రోత ఒకడు అదే కోరిక కోరాడు. అప్పుడు ఆ పాట తెలియని జాపా, తరువాత దానిని తన బృందానికి నేర్పి 1984 నాటి రికార్డులో చేర్చాడు. అడిగిన శ్రోతకు విద్వాంసుడు పదేళ్ల తరువాత బదులు తీర్చుకొన్న సందర్భం అది.

ఆ రికార్డు అట్టకు సంబంధించిన విశేషం మరొకటి ఉంది. ముందుభాగాన వాద్యపరికరాల పెట్టెల దగ్గర కూర్చొన్న ఆరుగురు విద్వాంసులు కనిపిస్తారు. వెనుకభాగాన అదేచోట, ఆ పెట్టెలను మోసి, తీగలు బిగించి, బండ్లు నడిపిన పనివాళ్లు కూర్చొని ఉంటారు. మోసినవాడికీ వాయించినవాడికీ అట్ట మీద సమానమైన చోటు దక్కింది. ఈ బృందంలో తామూ కుటుంబసభ్యులమన్న భావన శ్రోతలకు కలగటానికి ఇలాంటి సంగతులు కారణమయ్యాయి. 2004లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, భద్రపరచవలసిన జాతీయ ధ్వనిముద్రణల జాబితాలో ఈ రికార్డును చేర్చింది.

మరణాలు, జనసముద్రం

1971 అక్టోబరు 29న మేకన్ వీథిలో మోటారుసైకిలు ప్రమాదంలో డుయేన్ మరణించాడు. మరుసటి ఏడు నవంబరు 11న, అక్కడికి మూడు వీథుల దూరంలోనే, అదే తీరున బెరీ ఓక్లీ మరణించాడు. అతని వయసూ ఇరవై నాలుగే. ఇద్దరినీ ఆక్మల్గీ నది ఒడ్డున ఉన్న రోజ్ హిల్ శ్మశానవాటికలో పక్కపక్కనే ఖననం చేశారు. పేదరికపు రోజులలో ఆ యువకులు గిటార్లు పట్టుకొని కాలక్షేపం చేసిన చోటది. డికీ బెట్స్ రచించిన ఒక వాద్యకృతికి అక్కడి సమాధిఫలకం మీది పేరే శీర్షిక అయింది. 'ఎలిజబెత్ రీడ్ స్మృతిలో' అని అర్థం వచ్చే ఆ కృతి, ఎవరో ముక్కూమొగం తెలియని గతకాలపు స్త్రీ పేరును ప్రపంచానికి పరిచయం చేసింది.

మిగిలినవారు కచేరీలు మానలేదు. 1973 జులై 28న న్యూయార్కు రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ మైదానంలో గ్రేట్‌ఫుల్ డెడ్, ది బ్యాండ్ బృందాలతో కలిసి వారు పాల్గొన్న కచేరీకి అమ్మిన టికెట్లు లక్షా యాభై వేలు. వచ్చిన జనం దాదాపు ఆరు లక్షలని అంచనా. అదే ఏడు 'రాంబ్లిన్ మ్యాన్' పాట అమెరికా జనాదరణ పట్టికలో రెండవ స్థానానికి ఎక్కింది. 1975 నవంబరులో ప్రావిడెన్స్ నగరంలో, అప్పటికి దేశంలో పెద్దగా పేరులేని జార్జియా మాజీ గవర్నరు జిమ్మీ కార్టర్ ఎన్నికల నిధి కోసం కచేరీ చేశారు. ఎన్నికల వ్యయానికి కొత్తగా వచ్చిన చట్టం ప్రకారం, చిన్న విరాళాలకు ప్రభుత్వ నిధి నుంచి జోడింపు లభించేది. టికెట్టు కొన్న శ్రోత తెలిసో తెలియకో విరాళదాత అయ్యాడు. 1977 జనవరిలో కార్టర్ అధ్యక్షపదవి చేపట్టాడు.

జనం పెరిగినకొద్దీ బృందం లోలోపల శిథిలమైంది. మత్తుపదార్థాలు, ధనం, అసూయ తమ పని తాము చేశాయి. 1976లో మాదకద్రవ్యాల కేసులో గ్రెగ్ తమ సహచరునికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన దరిమిలా సభ్యులు విడిపోయారు. 1978లో కలిశారు, 1982లో మళ్లీ విడిపోయారు. మధ్యలో 1979లో కాప్రికార్న్ సంస్థ దివాలా తీసింది. సంగీతాభిరుచి వేరేదారి పట్టింది. ఆ కథ అంతటితో ముగిసిందని పత్రికలు భావించటంలో ఆశ్చర్యం లేదు.

అభిమానం కాపుదలగా మారిన తీరు

మన భాషలో అభిమానం అన్న మాటకు ప్రేమ అన్న అర్థమే కాక, గౌరవం నిలుపుకోవాలన్న పట్టుదల అన్న అర్థం కూడా ఉంది. ఈ రెండవ అర్థంలో అభిమానులైనవారు 1982 తరువాత బయటపడ్డారు. పాత కచేరీల టేపులను నకళ్లు తీసి ఒకరికొకరు తపాలాలో పంపుకొన్నారు. ఏ రాత్రి ఏ పాట ఎంతసేపు వాయించారో జాబితాలు కట్టారు. ఈ పనికి జీతం లేదు. అయితే 1989లో వారెన్ హేన్స్ వంటి కొత్తవారితో బృందం తిరిగి లేచేసరికి, పాటపాటకూ పూర్వచరిత్ర చెప్పగల శ్రోతలు ప్రతి ఊళ్లోనూ సిద్ధంగా ఉన్నారు. బృందం కూడా కచేరీలను శ్రోతలు స్వయంగా రికార్డు చేసుకోవటానికి అనుమతించింది. 1990 దశకంలో జార్జియా అభిమానులు ఒక సంఘంగా ఏర్పడి మేకన్‌లో ఏటేటా సమావేశాలు జరిపారు. 'హిట్టిన్ ద నోట్' అనే పత్రిక కేవలం వారి ఆదరణ మీద నడిచింది.

వీరిలో కర్క్ వెస్ట్ పేరు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఛాయాగ్రాహకుడిగా, అభిమానిగా మొదలై బృందానికి యాత్రానిర్వాహకుడైన ఆయన, 1993లో భార్యతో కలిసి మేకన్‌లోని వైన్‌విల్ అవెన్యూలో ఒక పాత భవంతిని కొన్నాడు. 1970 నుంచి 1973 వరకు బృందసభ్యులూ, వారి భార్యాబిడ్డలూ అద్దెకు ఉండి బిగ్ హౌస్ అని పిలుచుకొన్న ఇల్లది. దంపతులు ఆ ఇంట్లో కాపురం ఉంటూనే కరపత్రాలు, దుస్తులు, వాద్యాలు, ఉత్తరాలు పోగుచేశారు. దారిన పోయే అభిమాని తలుపు తడితే లోపలికి పిలిచి చూపించారు. 2009 డిసెంబరులో అది లాంఛనంగా సంగ్రహాలయమైంది. ప్రభుత్వం ఈలోగా తన వంతు చేసింది. 1998లో జార్జియా శాసనసభ మేకన్‌లోని రహదారి భాగానికి డుయేన్ పేరు, వంతెనకు ఓక్లీ పేరు పెట్టింది. విక్స్‌బర్గ్ మట్టిగట్టు మీద అభిమానులు అక్షరాలు చెక్కిన పాతికేళ్లకు అధికారిక ఫలకం వెలిసిందన్నమాట.

న్యూయార్కులోని బీకన్ థియేటర్‌లో దాదాపు ప్రతి వసంతంలోనూ ఈ బృందం వరుస కచేరీలు చేసేది. అవి మొత్తం రెండువందలు దాటాయి. చివరి కచేరీ 2014 అక్టోబరు 28న మొదలై అర్ధరాత్రి దాటాక ముగిసింది. అప్పటికి తేదీ 29 అయింది. డుయేన్ మరణించిన రోజది. ఆ తేదీ ప్రాముఖ్యాన్ని ఆ శ్రోతలకు ఎవరూ విప్పి చెప్పవలసిన అవసరం లేకపోయింది.

తీరని బాకీ

ఇంతవరకు చెప్పినది ఒక పార్శ్వం. అభిమానం చేసిన అపచారాలను దాచటం చరిత్రకారునికి తగదు. రోజ్ హిల్‌లోని సమాధులను తాకి, గీకి, గుర్తుగా ఏదో ఒకటి పట్టుకుపోయినవారి మూలంగా వాటి చుట్టూ కంచె కట్టవలసి వచ్చింది. మత్తుకు బలైన జీవితాలను వీరగాథలుగా చెప్పుకొన్న అభిమానులకూ కొదవ లేదు. దక్షిణాది రాక్ అన్న ముద్ర ప్రచారంలోకి వచ్చాక, ఆ కోవకు చెందిన కొన్ని బృందాలు అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన పోరాడిన రాష్ట్రాల పతాకాన్ని వేదికల మీద ఎగురవేశాయి. నల్లవాడూ తెల్లవాడూ పక్కపక్కన కూర్చొని డ్రమ్ములు వాయించిన బృందాన్ని కూడా ఆ పతాకం నీడన చేర్చి చూసే శ్రోతలు తయారయ్యారు. ఆ ముద్ర గ్రెగ్‌కు ఏనాడూ రుచించలేదు.

అన్నిటికన్న పెద్దది మూలపురుషుల బాకీ. ఫిల్మోర్ రికార్డు 'స్టేట్స్‌బరో బ్లూస్' అనే పాటతో మొదలవుతుంది. దానిని 1928లో రికార్డు చేసినవాడు జార్జియాకే చెందిన అంధగాయకుడు బ్లైండ్ విల్లీ మెక్టెల్. పన్నెండు తంత్రుల గిటారు మీద అపూర్వమైన పనితనం చూపి, వీథులలో పాడి పొట్టపోసుకొని, 1959లో ఎవరికీ పట్టకుండా మరణించాడు. ఆయన పాట ఆధారంగా వచ్చిన రికార్డు లక్షల ప్రతులు అమ్ముడైంది. ఆయన సమాధి మీద సరైన ఫలకం నిలిపే పనిని చాలాకాలం తరువాత ఒక అభిమాని సొంత ఖర్చుతో చేయవలసి వచ్చింది. డుయేన్ వాదనం మోజులో పడి, ఆ పాట ఎవరిదని అడిగి, వెనక్కి నడిచి మెక్టెల్ దగ్గరకు, ఎల్మోర్ జేమ్స్ దగ్గరకు, టి-బోన్ వాకర్ దగ్గరకు చేరుకొన్న శ్రోతలు ఉన్నారు. అలా నడవనివారూ ఉన్నారు. సంగీతాభిమానానికి నిజమైన పరీక్ష ఇక్కడే ఉంది. ఇష్టపడిన కళాకారుని దగ్గరే ఆగిపోయినవాడు సగం చరిత్రనే కాపాడినట్టు. ఆ కళాకారునికి విద్య ఎవరు పెట్టారో తెలుసుకొన్నవాడిదే పూర్తి కాపుదల.

ఈ అన్వేషణ ఒక్కొక్కసారి మన ఉపఖండం వరకూ వచ్చింది. బుచ్ ట్రక్స్ తమ్ముడి కుమారుడు డెరెక్ ట్రక్స్ బాల్యం నుంచే ఈ సంగీతంలో పెరిగి, 1999లో బృందంలో చేరాడు. జారుడు గిటారులో డుయేన్‌కు వారసుడని పేరు పొందిన ఆ యువకుడు, ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ సరోద్ వాదనానికి ముగ్ధుడై, కాలిఫోర్నియాలో ఆయన నెలకొల్పిన సంగీత కళాశాలలో హిందుస్తానీ పద్ధతిని అభ్యసించాడు. నుస్రత్ ఫతే అలీ ఖాన్ కవ్వాలీలను తన రికార్డులలో వాయించాడు. 2002 నాటి 'జాయ్‌ఫుల్ నాయిస్' రికార్డులో రాహత్ ఫతే అలీ ఖాన్ అతనితో కలిసి పాడాడు. ఆ రికార్డులు కొన్న జార్జియా శ్రోతలలో కొందరికైనా సరోద్, కవ్వాలీ అన్న పేర్లు అలా ఇంటికి వచ్చి ఉంటాయి.

2017 జనవరిలో బుచ్ ట్రక్స్, మేలో గ్రెగ్ ఆల్మన్ మరణించారు. గ్రెగ్ అంత్యక్రియల నాడు మేకన్ వీథులకు ఇరుపక్కలా వేలాదిమంది బారులుతీరి నిలబడ్డారు. మాజీ అధ్యక్షుడు కార్టర్ స్వయంగా వచ్చాడు. అన్నగారి సమీపంలో, అదే రోజ్ హిల్‌లో గ్రెగ్‌ను ఖననం చేశారు. 2024 ఏప్రిల్‌లో డికీ బెట్స్ కూడా వెళ్లిపోయాడు. దానితో ఆదిమ ఆరుగురిలో మిగిలినవాడు జైమో ఒక్కడే అయ్యాడు. 1969లో డుయేన్ అందరికన్న ముందు పిలుచుకొన్నవాడు, ఓటిస్ రెడింగ్ వెనుక వాయించినవాడు, కోల్ట్రేన్ రికార్డులను తెల్ల మిత్రులకు వినిపించినవాడు ఆయనే. దశాబ్దాలపాటు అభిమానుల స్తోత్రాలలో రెండు గిటార్లకూ ఒక గొంతుకూ దక్కినంత చోటు ఆయన డ్రమ్ములకు దక్కలేదు. ఈ సంగీతం ఎక్కడినుంచి వచ్చిందని అడగదలచిన శ్రోతకు, ఆరుగురిలో ఆఖరున మిగిలిన సాక్షి, మొదటినుంచీ సమాధానం తెలిసినవాడు కావడం గమనార్హం.